‘బిస్మిల్లా’ పూర్తయ్యేలోగా

“టీచరమ్మా, మేస్త్రి చాచా పోయినాడు” అని ఆదోని నుంచి ఫోను వచ్చినప్పుడు నేను బడిలో పిల్లల చేత ప్రార్థన చేయిస్తున్నాను. ఫోను చేసింది చాచా షెడ్డు పక్కన పంక్చర్లు వేసే అన్న. పొద్దున నమాజుకు లేచి, కాళ్లూ చేతులూ కడుక్కొని, కొంచెం ఆయాసంగా ఉందని గడప మీద కూర్చున్నారట. కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు.

“ఎవరికీ కష్టమియ్యలే. ఆయప్ప పద్ధతే అంత గదా” అన్నాడు అన్న.

హెడ్మాస్టరు గారికి చెప్పి, ఎమ్మిగనూరు పోయి, మగ్గం మీదున్న నాయనను లేపి, కారులో ఎక్కించుకొని ఆదోనికి బయలుదేరాను. దారిలో ఒకచోట నాయన ఉన్నట్టుండి నవ్వాడు. ఏమని అడిగితే, “పడవ రిపేరు షాపు” అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. చావు ఇంటికి పోతూ నవ్వడం తప్పేమో గానీ, మేము పోతున్నది చాచా ఇంటికి. ఆయనను నవ్వకుండా తలుచుకోవడం మాకు చేతకాదు.

ఆ పడవ మాట ఏమిటో చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

ఆదోనిలో పత్తి మిల్లుల వైపు పోయే దారిలో చాచాది రేకుల షెడ్డు. బోర్డు లేదు. వయసులో ఉన్నప్పుడు చాలా ఏండ్లు గల్ఫులో ఒక గ్యారేజీలో పనిచేశారు. అక్కడ కార్లన్నీ ఆటోమేటిక్కులే. ఎడమ కాలితో తొక్కే క్లచ్చు ఉండదు, చేత్తో గేరు మార్చే పనుండదు, గేర్లు వాటంతట అవే మారతాయి. ఆ మార్చే పెట్టె లోపలి సంగతి చాచాకు బాగా తెలుసు. ఇక చాలు వచ్చేయమని ఆయన భార్య, మా చాచీ, అంటే సంచి సర్దుకొని ఊరికి వచ్చేశారు. వచ్చి చూస్తే ఆదోనిలో ఉన్నవి లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు. ఆటోమేటిక్ కారు అనేది ఎప్పుడో ఒకటి.

“నేను నేర్సుకున్నదేమో ఆ పని, వచ్చి పడిందేమో ఈ ఊర్లో. ఆదోనిలో పడవ రిపేరు షాపు పెట్టినట్టుండాది నా కత” అనేవారు. అంటూనే ముందుగా తనే నవ్వేవారు.

బతకడానికి ఆటోలకు క్లచ్ ప్లేట్లు వేసేవారు. కానీ ఎప్పుడైనా ఆటోమేటిక్ బండి ఒకటి షెడ్డు ముందు ఆగితే మాత్రం లోపలికి పోయి, నూనె మరకలు లేని చొక్కా తొడుక్కొని వచ్చేవారు. నేను మొదటిసారి పోయినప్పుడు కూడా అంతే. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఒక మనిషి ఎదురొస్తుంటే, ఈయన ఎక్కడికో పెండ్లికి పోతున్నాడు, పని చేయడు అనుకున్నాను.

మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమ కాలిలో బలం పోయింది. నన్ను చదివించడానికి అదీ ఒక కారణమే. “మగ్గంలో రెండు కాళ్లతో తొక్కల్ల, పలక మీద రాసేకి ఒక చెయ్యి సాలు” అని అమ్మ తేల్చేసింది. చదివాను, పరీక్ష రాశాను, టీచరు ఉద్యోగం వచ్చింది. బడి మాత్రం ఆదోని రోడ్డు నుంచి లోపలికి పోవాల్సిన పల్లెలో వచ్చింది. బస్సు దిగి చాలా దూరం నడవాలి. పక్క చక్రాల స్కూటరు తీసుకుంటే మొదటి వానకే నల్లరేగడిలో కూరుకుపోయింది. ఆ తర్వాత నాయన మోపెడ్ మీద దించి, సాయంత్రం మళ్లీ వచ్చి తీసుకుపోయేవాడు. పొద్దున కొంత, సాయంత్రం కొంత మగ్గం ఆగిపోయేది. ఆయన ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువుగా ఉండేది.

అందుకే కర్నూలులో ఒక పెద్దమనిషి వాడి వదిలేసిన పాత ఆటోమేటిక్ కారు కొన్నాను. అమ్మ దాని చుట్టూ తిరిగి, లోపలికి వంగి చూసి, “నీకేమో ఒక కాలు పనిచేయదు, దీనికేమో ఒక పెడలే లేదు. జోడు బాగ కుదిరిందే!” అంది. పేటంతా నవ్వింది. మరుసటి వారం నుంచి నేను ఒక్కదాన్నే బడికి పోవడం మొదలుపెట్టాను. కారు వీధి మలుపు తిరిగేదాకా నాయన గుమ్మంలో నిలబడి, తిరగగానే లోపలికి పోయి మగ్గంలో దిగేవాడట. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పడం నాకు రాదు.

దసరా పోయిన కొన్నాళ్లకు బండి తేడా చేసింది. పొద్దున స్టార్ట్ చేసి గేరులో వేస్తే, ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగి, తర్వాత ఎవరో వెనుక నుంచి తోసినట్టు ఉలిక్కిపడి కదిలేది. తర్వాత తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు చించుకుంటుంది గానీ బండి ముందుకు పోదు. ఒకనాడు బడి దగ్గర వాగు గట్టు ఎక్కలేక ఆగిపోతే, శనక్కాయ బస్తాలు తీసుకుపోతున్న ట్రాక్టరు లాగింది. రెండు చోట్ల చూపించాను. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు: పెట్టె పోయింది, ఇంత పాత బండికి వేరే పెట్టె దొరకదు, పాత ఇనుముకు ఇచ్చేయండి. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే నాయన లేచి పోయి, మూల నిలబెట్టిన మోపెడ్ మీది గుడ్డ తీసి దుమ్ము దులిపాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆదోనిలో గల్ఫు నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన ఉన్నాడని చెప్పింది ఒక ఆటో అన్న. నాయనా నేనూ పోయాం.

చాచా ముందు బానెట్ తెరవలేదు. షెడ్డులోకి పోయి ఒక చిన్న ముక్కాలిపీట తెచ్చి, నా తలుపు దగ్గర వేశారు. దిగడానికి. కాలి గురించి ఆనాడే కాదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ అడగలేదు. రెండోసారి పోయేసరికి ఆ పీట కాళ్లు నా ఎత్తుకు సరిపోయేలా కోసి ఉన్నాయి.

“ఊ, బండి కత సెప్పు బేటా” అన్నారు.

“గేర్‌బాక్సు పోయిందంట చాచా.”

“అది ఊర్లోవాళ్లు సెప్పే కత. నువ్వు సూసింది సెప్పు. పొద్దున సల్లగా ఉన్నప్పుడు సతాయిస్తాదా, ఏడెక్కినాక సతాయిస్తాదా? ముందుకు పోయేకి మారాం సేస్తాదా, ఎనక్కి పోయేకి గూడానా? ఎప్పటి నుంచి? అంతకు ముందు ఏం జరిగింది?”

ఒక్కొక్కటీ అడిగి, నేను చెప్పిందంతా ఎదురు మాట్లాడకుండా విన్నారు. ఆయన పద్ధతి అది. ముందు కత ఇనల్ల, తర్వాత పానా పట్టల్ల అనేవారు. విన్న తర్వాత పక్క సీటులో కూర్చున్నారు. తాళం చెవి ఇవ్వబోతే తీసుకోలేదు.

“నువ్వే నడుపు. బండి నీతో మాట్లాడినట్టు నాతో మాట్లాడదు. నా సెయ్యి పడితే బుద్ధిమంతురాలి మాదిరి నటిస్తాది.”

నాయన వెనక కూర్చున్నాడు. చాచా చెప్పినట్టు బ్రేకు మీద కాలు ఉంచి, గేరు లివరును డ్రైవులోకి జరిపాను. జరిపిన క్షణంలో చాచా కళ్లు మూసుకొని, నింపాదిగా “బిస్మిల్లా” అన్నారు. మాట పూర్తయింది. బండి ఉలకలేదు. ఇంకొక ఊపిరి పీల్చుకునేంత సేపు పోయాక గడక్కున పట్టుకుంది.

“సూసినావా? బాగున్న బండి ‘బిస్మి’ అనేలోగానే పట్టుకోవల్ల. ‘ల్లా’ కూడా దాటిపోయిందంటే దానికి ఒళ్లు బాగలేదని. గల్ఫులో మా ఉస్తాదు నేర్పినాడు. గడియారం మర్సిపోయి వస్తాము గానీ ఇది మర్సిపోము గదా? పనిని మొదలుపెట్టినట్టూ ఉంటాది, కొలిసినట్టూ ఉంటాది.”

వెనక నుంచి నాయన, “మేమేం అనుకోవల్ల భాయ్?” అని అడిగాడు.

“మీ దేవుని పేరు సెప్పుకో అన్నా.”

నాయన గొంతు సవరించుకొని, “నీల... కంఠే... శ్వర... సామీ” అన్నాడు.

చాచా వెనక్కి తిరిగి చూసి పగలబడి నవ్వారు. “అంత పొడుగు పేరు సెప్తే సచ్చిన గేర్‌బాక్సు గూడా పాసైపోతాది! పొట్టి పేరున్న దేవుణ్ని సూసుకో అన్నా!”

బండి పోతుందన్న దిగులుతో పోయినవాళ్లం, ముగ్గురం ఆ బండిలోనే కడుపు పట్టుకొని నవ్వాం. ఆ తర్వాత రైలు పట్టాల మీది వంతెన ఎక్కించారు. ఇంజను అరిచింది, బండి నీలిగింది. చాచా అరచేతిని సీటు పక్కన గేరు లివరు మొదట్లో ఆనించి ఉంచారు, జ్వరం చూసినట్టు.

షెడ్డుకొచ్చాక బానెట్ తెరిచి, గేరు నూనె కొలిచే కడ్డీ తీసి, తెల్లటి గుడ్డ మీద ఒక చుక్క ఆనించారు. నూనె మంచిదైతే దానిమ్మ రసం మాదిరి ఎర్రగా ఉండాలట. లోపల పట్టీలు కాలిపోయి ఉంటే మాడిన పల్లీల వాసన వస్తుందట. మాది ఎర్రగా లేదు, ఒక రకమైన మట్టి రంగు. పైగా నురుగు. చాచా వాసన చూశారు, నన్నూ చూడమన్నారు.

“మాడిన వాసన వస్తాందా?”

“లేదు చాచా.”

“లేదు. ఇంకా ఆశ ఉండాది. రేపు సల్లగా ఉన్నప్పుడు కింద పళ్లెం ఇప్పుతాను. పెట్టె అడుగున ఒక అయస్కాంతం ఉంటాది. అరిగిందంతా దానికే అంటుకుంటాది. దాని మీద సుర్మా మాదిరి మెత్తటి నల్లపొడి ఉంటే అది వయసు. ఇనుప ముక్కలుంటే... అప్పుడు మాట్లాడుకుందాం. ఖైర్, సరేలే, రాత్రికి బాగా తిని పండుకోండి.”

మరునాడు పొద్దున ఆ పళ్లెం విప్పుతుంటే నేను ముక్కాలిపీట మీద కూర్చున్నాను. పంక్చరు అన్న పని వదిలిపెట్టి వచ్చి నిలబడ్డాడు. టీ బంకు ఆయనా వచ్చాడు. మా ఇంటి పెండ్లి సంబంధం తేలుతున్నట్టు అందరూ ఒక పళ్లెం వైపు చూస్తున్నారు. నాకు కనిపిస్తున్నది పళ్లెం కాదు, మూలనున్న మోపెడ్. చాచా అయస్కాంతాన్ని పైకి తీసి, చిటికెన వేలితో తుడిచి, వేలిని వెలుతురులో పెట్టారు.

“సుర్మానే!” అన్నారు. ఆ గొంతులో నాకంటే ఎక్కువ సంతోషం ఉంది. తన కంటి కింద గీసుకుంటున్నట్టు వేలు ఆడించి చూపించారు. టీ బంకాయన ఈలవేశాడు.

కానీ ఆ వెంటనే చాచా పళ్లెంలోని నూనె వైపు చూస్తూ ఉండిపోయారు. వేళ్ల మధ్య రుద్దారు. మళ్లీ వాసన చూశారు.

“ఇది ఒక నూనె గాదు. రెండు. దీంట్లో ఎవరో ఇంకొకటి కలిపినారు. సన్నటిది. మిషను నూనె మాదిరి ఉండాది.” నా వైపు తిరిగారు. “మీ ఇంట్లో నూనె పోసే అలవాటు ఎవరికుండాది బేటా?”

బెంచీ మీద కూర్చున్న నాయన లేచి నిలబడ్డాడు. 

మా ఇండ్లలో ఆయుధ పూజ అంటే మగ్గానికి పండుగ. మగ్గం కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పైనున్న, పూలు తేల్చే జాకార్డు పెట్టెకూ, పోగును అటూ ఇటూ మోసే నాడె తిరిగే చోటా నూనె చుక్కలు వేస్తారు. ఏడాదంతా అన్నం పెట్టినదానికి ఆ రోజు మనం పెట్టాలని.

“నేనే భాయ్” అన్నాడు నాయన. “ఆయుధ పూజ నాడు మగ్గానికి ఏసినా, కుట్టు మిషనుకు ఏసినా, మోపెడ్‌కు ఏసినా. మా పాపను మోసేది ఇదే గదా, దీనికి ఏంటికి తక్కువ సేయల్ల అని... మూత లాగితే కడ్డీ వచ్చింది. సూస్తే నూనె తక్కువ ఉన్నట్టు అనిపించింది.”

“ఎంత పోసినావన్నా?”

“డబ్బా అయిపోయేదాంకా.”

నాయనకు చదువు రాదు. బానెట్ కింద పక్కపక్కనే రెండు కడ్డీలున్నాయి, ఒకటి ఇంజనుది, ఒకటి గేరుది. వాటి మీద రాసిన అక్షరాలు ఆయనకు ఉన్నా లేనట్టే. నాకు తెలుసు, నాయన ఆ క్షణంలో తన వల్ల నా బండి ఇనుము కొట్టుకు పోబోయిందని లెక్కవేసుకుంటున్నాడు. తల పైకెత్తడం లేదు.

చాచా చేతులు తుడుచుకొని పోయి నాయన పక్కన బెంచీ మీద కూర్చున్నారు. “కొలిసి పోసేటోడు మేస్త్రి. అయిపోయేదాంకా పోసేటోడు నాయన” అన్నారు. “నీ తప్పు గాదన్నా. ఒకే మాదిరి రెండు కడ్డీలు పక్కపక్కన పెట్టినోనిది తప్పు. నేను గల్ఫుకు పోయిన కొత్తలో ఒక షేకు బండి బ్రేకుల డబ్బాలో ఇంజను నూనె పోసినా. ఆయప్ప మసీదు కాడ ఆపల్ల, సంత కాడ ఆగినాడు!”

ఎవరైనా నవ్వకుండా ఎలా ఉంటారు? నాయన మాత్రం ఆ రోజు నవ్వలేదు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. మగ్గంలో దిగి కూర్చున్నాడు గానీ నాడె చప్పుడు వినిపించలేదు.

మరుసటి రోజు చాచా ఫోను చేశారు. నాతో కాదు, నాయనతో మాట్లాడాలన్నారు. స్పీకరులో పెట్టాను.

“అన్నా, కొత్త నూనె పోసినా. గానీ ఒకసారి తీస్తే పాతదంతా రాదు, సగం లోపల్నే దాక్కుంటాది. పోసి, నడిపి, మళ్లా తియ్యల్ల. ఎప్పటికి శుభ్రమైందో రంగు సూసి సెప్పల్ల. నా కండ్లకు పొర వచ్చింది, ఎరుపుకూ ఎరుపుకూ తేడా తెల్దు. నువ్వు సిన్నప్పుడు నూలుకు రంగులద్దినావని పాప సెప్పింది. వస్తావా?”

నాయన చొక్కా వేసుకోకముందే బస్సుకు పోవడానికి సంచి తగిలించుకున్నాడు.

ఆ వారమంతా వాళ్లిద్దరి కత చూడాల్సిందే. చాచా తెల్ల గుడ్డ మీద చుక్క వేస్తారు. నాయన దాన్ని ఎండలోకి తీసుకుపోయి, చీర కొంగు బేరం చేసినట్టు అటూ ఇటూ తిప్పి చూస్తాడు. మొదటిసారి, “ఇది ఎరుపు గాదు భాయ్. ఎరుపుకు జ్వరమొచ్చినట్టుండాది” అన్నాడు. నూనె తీసేశారు, మళ్లీ పోశారు, ఊరంతా తిప్పారు. రెండోసారి, “జ్వరం దిగింది గానీ ఇంకా మంచం దిగలే” అన్నాడు. మళ్లీ తీశారు. మూడోసారి ఎండలోకి తీసుకుపోయినవాడు ఎంతసేపటికీ వెనక్కి రాలేదు. చాచా, “ఏమన్నా, నేస్తాండావా ఏంది ఆడ?” అని అరిచారు. నాయన గుడ్డ పట్టుకొని వచ్చి, “ఇది. పెండ్లి చీర అంచుకు ఏసే ఎరుపు” అన్నాడు. ఆ పూట వాళ్లిద్దరూ ఒకే సాసరులో టీ పోసుకొని పంచుకున్నారు.

చాచాకు నిజంగా కండ్లకు పొర ఉందో లేదో నాకు తెలియదు. చాచీని అడిగితే, “ఏమో బేటీ, దర్జీ నేనైనా సూదిలో దారం ఎక్కించేది మాత్రం ఆయనే” అంది.

ఆ ఎరుపు తేలిన పూటే అందరం బండిలో కూర్చున్నాం. నేను డ్రైవులో వేశాను. చాచా “బిస్మి” అన్నారో లేదో, బండి చంటిపిల్ల వేలు పట్టుకున్నట్టు మెత్తగా పట్టుకుంది. వంతెన మీదికి అరవకుండా ఎక్కింది. పైకి చేరాక చాచా కిటికీ లోంచి చెయ్యి బయట పెట్టి, ఊరేగింపులో పోతున్నట్టు కింద పోయేవాళ్లకు సలాములు పెట్టారు. మరుసటి సోమవారం నేను ఒక్కదాన్నే బడికి పోయాను. నాయన మోపెడ్ మీద మళ్లీ గుడ్డ కప్పాడు.

వాళ్లిద్దరూ ఇంకొక పని కూడా చేశారు. చాచా అడిగితే నాయన ఇంటి నుంచి ఎర్ర నూలు పోగులు తెచ్చి, గేరు నూనె కొలిచే కడ్డీ పిడికి చుట్టి ముడి వేశాడు. ఇంజను కడ్డీకి పసుపు పోగు. చదువు వచ్చినా రాకపోయినా ఇప్పుడు ఎవరూ పొరబడరు. అది చాచాకు ఎంత నచ్చిందంటే, తర్వాత తన దగ్గరికొచ్చిన ప్రతి ఆటోమేటిక్ బండికీ ఎర్ర పోగు కట్టారు. ఎవరైనా ఇదేం తాయెత్తు అని అడిగితే, “ఎమ్మిగనూరు తాయెత్తు. నూనె దయ్యం పట్టదు” అనేవారు. ఈ ప్రాంతంలో మీ కారు గేరు నూనె కడ్డీకి ఎర్ర నూలు ఉంటే, అది మా మగ్గం నూలు.

నాయన ఆయనకు నూనె చూసుకోవడానికని తెల్ల తుండుగుడ్డలు నేసి ఇచ్చాడు. చాచా వాటిలో ఒక్కదాన్నీ నూనెకు ముట్టించలేదు. శుక్రవారం నమాజుకు భుజాన వేసుకొని పోయేవారు. నాయన అలిగి, “నేను నేసింది మురికి తుడిసేకి” అంటే, “మురికి తుడిసేకే గదన్నా మసీదుకు పోతాండేది” అనేవారు.

ఆయన నాకు నేర్పినవి చాలా ఉన్నాయి. బండి నిలిపిన చోట నేల మీద చుక్క పడిందేమో చూసుకొని గాని కదలకూడదు. ఎర్ర చుక్క అయితే వెంటనే ఫోను చేయాలి. బండి పూర్తిగా ఆగకముందే వెనక గేరులో వేయకూడదు, “నడుస్తాండే మనిషిని ఎనక జుట్టు పట్టి లాగితే ఎట్లుంటాది?” పత్తి కాలంలో ఒకసారి బండి వేడెక్కి, గేర్లు మళ్లీ జారడం మొదలైంది. నా గుండె జారింది. ఫోనులో చెప్తే, “రేడియేటరు ముందర సూడు బేటా, గడ్డం పెరిగిందేమో” అన్నారు. చూస్తే నిజంగానే జిన్నింగు మిల్లుల నుంచి గాలికి ఎగిరిన దూది రేడియేటరు నిండా అతుక్కొని తెల్లటి గడ్డం మాదిరి ఉంది. గేరు నూనె చల్లబడేది కూడా అక్కడేనట, గాలి ఆడక వేడెక్కింది. పాత చీపురుతో గడ్డం గీసేశాను. ఆ సాయంత్రం ఫోను చేసి, “మంగలి పని గూడా నేర్సుకున్నావే టీచరమ్మా!” అని మెచ్చుకున్నారు.

ఇప్పుడు మా బడిలో పిల్లలు ఏదైనా తెలియలేదంటే నేను ముందు సమాధానం చెప్పను. “కత సెప్పు, ఎక్కడి దాకా తెలిసింది, ఎక్కడ జారింది?” అని అడుగుతాను. అది శిక్షణలో నేర్చుకున్నది కాదు.

పోయిన నెలలో ఆయనను చివరిసారి చూశాను. ఊరికే, దారిలో ఆగాను. చొక్కా మార్చుకోవడానికి లోపలికి పోబోయి, నన్ను చూసి ఆగారు. “జబ్బు బండి అయితేనే చొక్కా. నీది బాగున్న బండి, ఈ చొక్కాతోనే సర్దుకో” అన్నారు. బానెట్ ఎత్తించి చూసి, ఎర్ర పోగు పాతబడిందని, కొత్తది పంపమని నాయనకు చెప్పమన్నారు. నాయన అప్పుడే ఎర్ర నూలు కండె పక్కకు తీసి పెట్టాడు.

చాచా పోయిన రోజు మేము ఆదోని చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఆటోల వాళ్లు, లారీల వాళ్లు, పంక్చరు అన్న, టీ బంకాయన. నేను లోపల చాచీ దగ్గర కూర్చున్నాను. ఏడ్చి ఏడ్చి అలసిపోయి, నా చెయ్యి పట్టుకొని, “మొన్న గూడా మీ చాచా, మీ నాయన దేవుని పేరు సెప్పి నవ్వినాడమ్మా. నీల... కంఠే... అని” అంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి ఇద్దరికీ. మధ్యాహ్నం నమాజు తర్వాత మగవాళ్లు మోసుకొని పోయారు. నాయన కూడా పోయాడు. ఎవరూ వద్దనలేదు, భుజం మార్చుకునే చోట జరిగి చోటిచ్చారట. చాచా భుజాన వేసుకొనే ఆ తెల్ల గుడ్డను చాచీ నాయనకు ఇవ్వబోతే, “ఆయప్పదే, ఈడనే ఉండనీ తల్లీ” అన్నాడు.

సాయంత్రం కారు దగ్గరికి వచ్చాం. నాయన అరచేతులకు సమాధి మట్టి ఇంకా అంటుకొని ఉంది. దేనికీ తగలకుండా వాటిని ఒళ్లో వెల్లకిలా పెట్టుకొని కూర్చున్నాడు. ఇంటికి పోయి స్నానం చేసేదాకా అలాగే ఉంచుకుంటాడని నాకు తెలుసు. షెడ్డు తలుపు వేసి ఉంది. రేకుల నీడలో నా ముక్కాలిపీట ఒక్కటే బయట ఉంది, నిన్న ఎవరి కోసమో వేసి లోపల పెట్టడం మరిచిపోయినట్టు.

బ్రేకు మీద కాలు ఉంచి స్టార్ట్ చేశాను. గేరు లివరు మీద చెయ్యి వేశాను గానీ చాచా మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఎలాగో డ్రైవులోకి జరిపాను.

పక్కన నాయన కళ్లు మూసుకొని, నింపాదిగా, “బిస్మి...” అన్నాడు.

బండి పట్టుకుంది. బ్రేకు మీది నుంచి కాలు తీస్తే మెల్లగా కదిలింది. పీట దాటింది, షెడ్డు దాటింది. మిగిలిన సగం మాటను నాయన వంతెన ఎక్కుతుండగా పూర్తి చేశాడు.